ఓంకారం అందరిదీ అన్న ఏర్పేడు స్వామి
మలయాళ దేశం నుంచి కాలినడకన వచ్చి, వ్యాసాశ్రమం నెలకొల్పి, శూద్రులకూ స్త్రీలకూ వేదాంతం చెప్పిన గురువు

రేణిగుంట నుంచి శ్రీకాళహస్తికి బస్సులో వెళ్ళేవారికి దారిలో ఏర్పేడు తగులుతుంది. వెంకటగిరి రోడ్డు చీలేది ఇక్కడే. గూడూరు రైలు మార్గంలో ఇదొక చిన్న స్టేషను. ఈనాడు ఏర్పేడు పేరు చెబితే చదువుకున్న కుర్రవాళ్ళకు ఐ.ఐ.టి. గుర్తుకొస్తుంది. పెద్దలకు మాత్రం గుర్తుకొచ్చేది వ్యాసాశ్రమం. ఐ.ఐ.టి. రావడానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందే, 1926లో, ఈ గడ్డ మీద మరో చదువుకు పునాది పడింది. ఆ చదువుకు ప్రవేశపరీక్ష లేదు. కులమేదని అడిగేవారు లేరు. ఆడపిల్లవు కదా అని వెనక్కి పంపేవారూ లేరు.

ఆ పునాది వేసిన మనిషి తెలుగువాడు కాదు. కేరళలో గురువాయూరు సమీపాన ఎంగండియూరు అనే ఊళ్ళో 1885లో పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేలప్ప. సన్యాసం పుచ్చుకున్నాక అసంగానంద గిరి అన్నారు. మన జనానికి ఆ పేరు నోరు తిరగలేదు. మలయాళ దేశం నుంచి వచ్చిన స్వామి గనుక మలయాళ స్వామి అని పిలుచుకున్నారు. ఆ పేరే నిలిచిపోయింది. 1962 జూలై 12న ఆయన సిద్ధి పొందేనాటికి జిల్లాలోనే గాక తెలుగునాట ఊరూరా ఆయన పేరు తెలిసింది.

గుడి పక్కనే పుట్టినా...

మలయాళ స్వామి ఏం చేశారో తెలియాలంటే ఆయన పుట్టిన కాలాన్ని, తావును తెలుసుకోవాలి. గురువాయూరు కృష్ణుని గుడి దేశమంతటా ప్రసిద్ధం. కాని ఆ రోజుల్లో ఆ గుడి చుట్టుపక్కల ఊళ్ళలో పుట్టిన వేలాది మందికి ఆ కృష్ణుని దర్శనం లేదు. ఈళవులు, పులయలు వంటి కులాలవారు గుడి ముందరి వీధిలో నడవడానికి కూడా వీలుండేది కాదు. గురువాయూరు ఆలయంలోకి అందరినీ రానివ్వాలని 1931లో పెద్ద సత్యాగ్రహం జరిగింది. అంతకు ముందు 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న దారుల కోసం సత్యాగ్రహం నడిచింది. గురువాయూరు తలుపులు అందరికీ తెరుచుకున్నది చివరికి 1947లో.

ఆ కేరళలోనే నారాయణ గురువు పుట్టారు. 1888లో అరువిప్పురం అనేచోట ఆయన ఏటిలోని రాయిని తీసి శివలింగంగా ప్రతిష్ఠించారు. ఈళవ కులంలో పుట్టినవాడు దేవుణ్ణి ప్రతిష్ఠించడమా అని ఆనాడు పెద్ద దుమారమే రేగింది. ఆ నారాయణ గురువుకు తొలి శిష్యుడు శివలింగ స్వామి. ఆ శివలింగ స్వామి దగ్గర పెరింగోట్టుకర ఆశ్రమంలో వేలప్ప శిష్యరికం చేశారు. సంస్కృతం, వేదాంతం, యోగసాధన అక్కడే ఒంటబట్టాయి. అంటే నారాయణ గురువు వెలిగించిన దీపం నుంచి మరొక దీపం వెలిగి తెలుగుదేశానికి వచ్చిందన్నమాట.

యువకుడిగా ఉండగానే ఆయన ఇల్లు విడిచారు. దేశంలోని పుణ్యక్షేత్రాలను కాలినడకన తిరిగి, తిరుమల కొండ చేరారు. అక్కడ గోగర్భం ప్రాంతంలో పన్నెండేళ్ళు తపస్సు చేశారని చెబుతారు. ఇప్పుడు గోగర్భం అంటే యాత్రికులకు తాగునీరిచ్చే జలాశయం తెలుసు. ఆ రోజుల్లో అది నిర్జనమైన అడవి. కొండకు మోటారు రోడ్డు కూడా లేదు. యాత్రికులు మెట్లెక్కి నడిచి రావలసిందే. అలా వచ్చినవారిలో కొందరు అడవిలో ఒక సాధువు ఉన్నాడని విని, వెతుక్కుంటూ వెళ్ళి, తమ సందేహాలు అడగసాగారు. తెలుగు నేర్చిన స్వామి తెలుగులోనే బదులు చెప్పారు. ఆయన గ్రంథాలు రాసింది కూడా తెలుగులోనే. తల్లిభాష వేరైనా తన చుట్టూ చేరిన రైతుకు, కూలికి అర్థమయ్యే భాషనే ఆయన తన బోధకు ఎంచుకున్నారు.

మాటల వేదాంతంపై యుద్ధం

స్వామి రాసిన పుస్తకాల్లో పేరుపడ్డది 'శుష్క వేదాంత తమోభాస్కరము'. పేరు పెద్దదే గాని భావం తేలిక. శుష్కం అంటే ఎండిపోయినది. తమస్సు అంటే చీకటి. భాస్కరుడు సూర్యుడు. ఎండిపోయిన వేదాంతమనే చీకటిని పోగొట్టే సూర్యుడు అని ఆ పేరుకు అర్థం.

ఎండిపోయిన వేదాంతం అంటే ఏమిటి? ఇది మన ఊళ్ళలో ఈనాటికీ కనిపించే వ్యవహారమే. అంతా మాయ అంటాడు, అప్పు మాత్రం ఎగవేస్తాడు. నేనే బ్రహ్మాన్ని అంటాడు, సారా దుకాణం దాటి ఇల్లు చేరడు. పాపపుణ్యాలు లేవు, పూజలు అక్కర్లేదు, సాధన అక్కర్లేదు, గురువు చెవిలో ఒక్క మాట చెబితే మోక్షమేనని చెప్పి దక్షిణ పుచ్చుకుని వెళ్ళేవారు ఊరూరా ఉండేవారు. అద్వైతం పేరు చెప్పి నడవడి వదిలేసే ఈ పద్ధతిని స్వామి గట్టిగా ఖండించారు. సత్యం, అహింస, బ్రహ్మచర్యం, శుచియైన ఆహారం, నిత్య జపం, ధ్యానం, ఇవి లేని వేదాంతం నోటి మాటే తప్ప మరేమీ కాదన్నది ఆయన బోధలోని సారం. మాంసం, మద్యం మానుకోవాలనీ, జాతరల్లో దేవత పేరిట నోరులేని జీవాలను నరకవద్దనీ ఆయన ఊరూరా బోధించారు.

ఒకవైపు ఇలా ఆచారం లేని వేదాంతులతో పోరు. మరోవైపు ఆచారమే సర్వస్వమనుకునే పండితులతో పోరు. రెండో పోరు ఇంకా కష్టమైనది.

అధికారం ఎవరిది?

ఓంకారం ఎవరు పలకవచ్చు? ఉపనిషత్తు ఎవరు చదవవచ్చు? ఇది ఈనాటి పాఠకులకు వింత ప్రశ్నగా తోచవచ్చు. ఆనాడు అది ప్రాణం మీదికి వచ్చే ప్రశ్న. శూద్రులకు, స్త్రీలకు ప్రణవం పనికిరాదనీ, వాళ్ళు పురాణం విని నామం చెప్పుకుంటే చాలుననీ చాలామంది పండితులు గట్టిగా నమ్మేవారు. ఇది కేవలం అహంకారంతో అన్నమాట అనడానికీ వీల్లేదు. వారికీ పుస్తకం ఉంది. బ్రహ్మసూత్రాల మొదటి అధ్యాయంలో అపశూద్రాధికరణం అనే భాగం ఉంది. దానికి శంకరాచార్యులు రాసిన భాష్యంలో శూద్రులకు వేదాధ్యయనం లేదనీ, ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం పొందవచ్చుననీ ఉంది. ఆ భాష్యాన్ని కాదనడం ఒక సన్యాసికి తేలిక కాదు. అందులోనూ అద్వైతం చెప్పే సన్యాసికి.

అయినా మలయాళ స్వామి వెనుకాడలేదు. మోక్షం కోరే ప్రతి మనిషికీ జ్ఞానాధికారం ఉందని సభల్లో చెప్పారు, పుస్తకాల్లో రాశారు. దానికి శాస్త్రాలలోనే చోటు ఉంది. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడి కథ చాలామందికి తెలిసినదే. గోత్రమేమిటని గురువు అడిగితే, మా అమ్మ పలు ఇళ్ళలో పనిచేసేది, నా తండ్రి ఎవరో ఆమెకే తెలియదట, ఆమె పేరు జబాల, నేను సత్యకామ జాబాలుణ్ణి అని ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజం చెప్పాడు గనుక గౌతముడు అతణ్ణి శిష్యుడిగా చేర్చుకున్నాడు. బృహదారణ్యకంలో గార్గి నిండుసభలో యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్నించింది. మైత్రేయి, ఆస్తి ఎందుకు, అమృతత్వం ఇచ్చేది చెప్పమని భర్తను అడిగింది. అన్నిటికీ మించి వేదాలను విభజించిన వ్యాసుడే పడవ నడిపే సత్యవతి కొడుకు. ఏర్పేడు ఆశ్రమానికి స్వామి పెట్టిన పేరు ఆ వ్యాసునిదే.

ఆశ్రమంలో సంస్కృత పాఠశాల పెట్టారు. బ్రాహ్మణేతరుల పిల్లలు అక్కడ గీత, ఉపనిషత్తులు, బ్రహ్మసూత్రాలు చదివారు. ఆడపిల్లల కోసం కన్యా గురుకులం పెట్టారు. పెళ్ళయ్యేదాకా గడప దాటనివ్వని ఇళ్ళున్న రోజుల్లో ఆడపిల్లలు ఆశ్రమంలో కూర్చుని సంస్కృతం వల్లించారు. స్త్రీలకు సన్యాసం కూడా ఇచ్చారు. 'యథార్థ భారతి' అనే పత్రిక నడిపారు. ఆశ్రమంలో కూర్చుని జనం రావాలని చూడక, సనాతన వేదాంత జ్ఞాన సభలు పేరిట ఊరు ఊరుకూ వేదాంతాన్ని తీసుకువెళ్ళారు. ఒక్కో ఏడు ఒక్కో ప్రాంతంలో జరిగే ఆ సభలకు పల్లెజనం సద్దిమూటలు కట్టుకుని వచ్చేవారు.

మన జిల్లాలో ముందే ఒక తల్లి

ఈ సందర్భంలో మరో పేరు చెప్పుకోకపోతే లోటు. మలయాళ స్వామి ఈ గడ్డకు రావడానికి వందేళ్ళ ముందే ఒక స్త్రీ యోగాన్నీ కీర్తననూ కలిపి నడిచింది. ఆమె గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టిన వెంగమాంబ. చిన్నతనంలోనే భర్త పోయాడు. జుట్టు తీయించుకుని మూల కూర్చోవాలని ఆనాటి కట్టుబాటు. ఆమె ఒప్పుకోలేదు. వేంకటేశ్వరుడే భర్త అన్నది. ఊళ్ళో బాధలు పడలేక తిరుమల చేరింది. 1817 వరకు జీవించింది.

వెంగమాంబ భక్తురాలని అందరికీ తెలుసు. ప్రతి రాత్రీ తిరుమలలో ఏకాంతసేవ వేళ ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదనే సాగుతోంది. కొండ మీద వేలాది మంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి కూడా ఆమె పేరే పెట్టారు. ఆమె యోగిని అన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు. 'రాజయోగామృత సారము' అనే ద్విపద గ్రంథం ఆమె రచన. 'వాసిష్ఠ రామాయణము' కూడా ఆమెదే. పాడే నోటికీ, ధ్యానంలో నిలిచే మనసుకూ పొత్తు కుదరదనేవారికి ఆమె జీవితమే సమాధానం. తాళ్ళపాక అన్నమయ్య సంకీర్తనల రాగిరేకులను భద్రపరచిన కొండ మీదనే ఈ తల్లీ యోగసాధన చేసింది, ఆ కొండ మీదనే మలయాళ స్వామీ తపస్సు చేశారు.

గీతను పల్లెకు తెచ్చిన శిష్యుడు

మలయాళ స్వామి శిష్యుల్లో జిల్లావాసులకు బాగా తెలిసినవారు విద్యాప్రకాశానంద గిరి స్వామి. 1914లో బందరులో పుట్టి, చదువు ముగించి, ఏర్పేడు వచ్చి గురువు దగ్గర సాధన చేశారు. 1950లో శ్రీకాళహస్తిలో శుకబ్రహ్మాశ్రమం ఏర్పడింది. వ్యాసుని కొడుకు శుకుడు. గురువుది వ్యాసాశ్రమమైతే శిష్యునిది శుకాశ్రమం. ఈ పేర్ల పొందిక జిల్లాలో చాలామంది గమనించి ఉండరు.

ఆయన గీతా జ్ఞాన యజ్ఞాలు చేసేవారు. యజ్ఞమంటే హోమగుండం, నేతి డబ్బాలు కావు. వరసగా కొన్ని రోజులు సాయంకాలం పూట గీత చెప్పడమే యజ్ఞం. చిన్న చిన్న కథలు, ఇంట్లో పొలంలో కనిపించే ఉదాహరణలు, మధ్యమధ్య నవ్వించే మాటలతో సాగే ఆ ఉపన్యాసాలకు చదువురానివారు కూడా కదలకుండా కూర్చునేవారు. ఆయన రాసిన 'గీతా మకరందము'లో శ్లోకానికి ప్రతిపదార్థం, తాత్పర్యం, వ్యాఖ్యానం ఇచ్చి, ఆపైన ప్రశ్నలు జవాబులు కూడా ఇచ్చారు. ఇంటి దగ్గర ఒంటరిగా చదువుకునే రైతుకు గురువు ఎదుట కూర్చుని అడిగి తెలుసుకున్నట్టే ఉంటుంది. ఆ పుస్తకం రాయలసీమలో ఎన్నో ఇళ్ళలో దేవుని గూట్లో కనిపిస్తుంది. స్వామి 1998లో సిద్ధి పొందారు. శ్రీకాళహస్తి డిగ్రీ కళాశాలకు ఆయన పేరే ఉంది.

భజన గుడిలో ఏం జరుగుతుంది?

ఆశ్రమాలకు వెళ్ళేవారు కొందరే. పల్లెలో అందరికీ అందుబాటులో ఉన్నది భజన గుడి. జిల్లాలో రాములవారి భజన గుడి లేని ఊరు అరుదు. శనివారం రాత్రి, ఏకాదశి నాడు, ధనుర్మాసంలో తెల్లవారుజామున అక్కడ హార్మోనియం, మృదంగం, తాళాలు మోగుతాయి. ఒకరు చెబుతారు, తక్కినవారు అందుకుంటారు. నిదానంగా మొదలై, కాలం హెచ్చి, చివరకు నామం ఒక్కటే మిగులుతుంది. మంగళహారతి, గుగ్గిళ్ళు, బొరుగులు పంచడంతో ముగుస్తుంది. చెక్కభజన, పండరి భజన, కోలాటం అయితే పాటకు అడుగు కూడా కలుస్తుంది. గురువు కాలి గజ్జె చూసి అడుగు మార్చాలి. ఒక్కరు తప్పితే వరస అంతా తప్పుతుంది.

ఇందులో యోగం ఎక్కడుందని అడగవచ్చు. పతంజలి చెప్పిన యోగానికి అంగాలు ఎనిమిది. యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ధ్యానం, సమాధి. ఆసనం మూడోది మాత్రమే. దానికి ముందున్న యమంలో అహింస, సత్యం, దొంగతనం చేయకపోవడం, బ్రహ్మచర్యం, అక్కర్లేనిది పోగు చేయకపోవడం ఉన్నాయి. నియమంలో శుచి, ఉన్నదానితో తృప్తి, తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరార్పణం ఉన్నాయి. పొరుగువాని గట్టు జరిపినవాడు తెల్లవారి పద్మాసనం వేస్తే అది ఒంటికి కసరత్తు అవుతుందే గాని యోగం కాదు.

భజనలో ఊపిరి సంగతి చూడండి. పాట పాడేటప్పుడు గాలి పీల్చుకునేది కొంచెం సేపు, వదిలేది చాలాసేపు. చరణం పూర్తయ్యేదాకా ఊపిరి పొదుపుగా వాడాలి. ప్రాణాయామంలో నేర్పేదీ ఊపిరిని నిదానించడమే. మనసు తాళం మీద నిలవాలి, లేకపోతే పాట తప్పుతుంది. అది ధారణకు తొలిమెట్టు. ముక్కు మూసుకుని గంట కూర్చోలేని మనిషి భజనలో మూడు గంటలు సునాయాసంగా కూర్చుంటాడు. అందుకే పెద్దలు పల్లెజనానికి నామసంకీర్తనను ముందుగా చెప్పారు.

ఆసనాలకు జాగ్రత్తలు

2015 నుంచి ఏటా జూన్ 21న యోగా దినం జరుగుతోంది. బడిపిల్లలకు ఆసనాలు నేర్పుతున్నారు. పట్టణాల్లో యోగా తరగతులు వెలిశాయి. పల్లెల్లో కూడా సెల్‌ఫోను చూసి ఆసనాలు వేసేవారు కనబడుతున్నారు. మంచిదే. అయితే కొన్ని జాగ్రత్తలు పాటించాలి.

ఆసనాలు పరగడుపున వేయాలి. అన్నం తిన్న తర్వాతయితే మూడు నాలుగు గంటలు గడవాలి. శీర్షాసనం వంటివి చూసి నేర్చేవి కావు, తెలిసినవారి ఎదుట నేర్చుకోవాలి. రక్తపోటు, గుండె జబ్బు, గిలక, వెన్నునొప్పి ఉన్నవారు, గర్భిణీలు డాక్టరును అడగకుండా తలకిందుల ఆసనాలు, ఊపిరి బిగబట్టడం చేయరాదు. యోగా మొదలుపెట్టామని షుగరు మాత్రలు, బి.పి. మాత్రలు మానేయడం ప్రమాదం. గీత ఆరో అధ్యాయం కూడా అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రించేవాడికీ, అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదనే చెబుతోంది. పొలం పని చేసే ఒంటికి వంగడం, లేవడం ఎలాగూ ఉంటుంది. వారికి కావలసింది సాయంత్రం పూట కాసేపు వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని, ఊపిరి గమనిస్తూ, మనసుకు విశ్రాంతినివ్వడం.

గురువును ఎలా గుర్తుపట్టాలి?

పల్లెజనం నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే. కాషాయం కనబడితే చేతులు జోడించడం మన అలవాటు. ఆ అలవాటే కొందరికి జీవనోపాధి. లంకెబిందెలు చూపిస్తామని, గ్రహదోషం తీరుస్తామని, బిడ్డలు పుట్టిస్తామని వచ్చి ఇల్లు గుల్ల చేసిపోయిన సంగతులు తరచూ వింటూనే ఉన్నాం. పరువు పోతుందని చాలామంది పోలీసులకు చెప్పరు.

ముండకోపనిషత్తు గురువుకు రెండు లక్షణాలు చెప్పింది. శాస్త్రం తెలిసి ఉండాలి, బ్రహ్మంలో నిలిచి ఉండాలి. రెండోది మన కంటికి కనబడదు. కాని కనబడే గుర్తులు కొన్ని ఉన్నాయి. డబ్బు ముందు అడిగేవాడా, విద్య ముందు ఇచ్చేవాడా? ప్రశ్న వేస్తే కోపగించుకుంటాడా, విడమరచి చెబుతాడా? గీతలో కృష్ణుడు గురువుకు నమస్కరించమనడంతోపాటు ప్రశ్నించమని కూడా చెప్పాడు. సేవ చేయమని చెప్పాడు. ప్రశ్నను సహించని గురువు గీతకే దూరమైనవాడు. ఆడవారిని ఒంటరిగా రమ్మన్నా, ఇంట్లోవారికి చెప్పవద్దన్నా, మందులు మానమన్నా అక్కడితో దండం పెట్టి లేచి రావాలి.

ఈ కొలతతో చూస్తే మలయాళ స్వామి వదిలి వెళ్ళింది ఏమిటి? బడి, పుస్తకాలు, పత్రిక, సంస్కృతం నేర్చిన శిష్యులు, చదువుకున్న స్త్రీలు. మహిమలు చూపి జనాన్ని కూడగట్టింది లేదు. అడిగినవారికి చదువు చెప్పడమే ఆయన చేసిన పని.

మిగిలిపోయిన పని

గుళ్ళలోకి అందరూ రావచ్చునని మద్రాసు రాష్ట్రంలో 1947లోనే చట్టం వచ్చింది. అప్పట్లో మన జిల్లా ఆ రాష్ట్రంలోనిదే. 2007లో తిరుమల తిరుపతి దేవస్థానం 'దళిత గోవిందం' పేరుతో స్వామివారి విగ్రహాలను దళితవాడలకు తీసుకువెళ్ళింది. ఓంకారం పలికినందుకు ఎవరినీ ఎవరూ అడ్డగించే కాలం కాదిది. గీత పుస్తకం ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆ మేరకు మలయాళ స్వామి కోరినది నెరవేరింది.

అయితే చాలా ఊళ్ళలో భజన గుళ్ళు రెండున్నాయి. ఊరికొకటి, వాడకొకటి. రెండింటిలోనూ ఉన్నది ఒకే రాముడు. రెండింటిలోనూ పాడేది అవే పాటలు. శనివారం రాత్రి అటు మృదంగం ఇటు వినిపిస్తుంది. మనుషులు మాత్రం దాటరు. వాడలో మంచి గాయకుడు ఉంటే ఊరి భజనకు పిలిచేవారు తక్కువ. పిలిచినా ఏ అరుగు మీద కూర్చోబెట్టాలన్న శంక తీరలేదు. ఆడవారి సంగతీ అంతే. కోలాటం జట్లు పుణ్యమా అని ఈమధ్య వారు ముందుకు వచ్చారు గాని, భజన గుడిలో హార్మోనియం ముందు కూర్చునే ఆడవారు ఎందరున్నారో వేళ్ళ మీద లెక్కించవచ్చు.

మరో బెంగ కూడా ఉంది. పాడేవారు తగ్గిపోతున్నారు. చెక్కభజన నేర్పే గురువులు పెద్దవారైపోతున్నారు. కుర్రవాళ్ళు చదువులకు, కొలువులకు పట్నం పోతున్నారు. టేపు రికార్డరు వచ్చిన రోజుల్లోనే భజన గుడిలో మైకు పెట్టి పాట వేసి ఇంటికి పోవడం మొదలైంది. ఇప్పుడు పెన్‌డ్రైవు వచ్చింది. దేవుడికి పాట వినిపిస్తున్నదేమో గాని, పాడినవారికి కలగవలసిన మేలు యంత్రానికి కలగదు కదా!

మనుషులు చాలక రెండు గుళ్ళలోనూ భజన నిలిచిపోయే ముందే, రెండు చోట్లా ఉన్నవారు ఒకచోట కూర్చోవడం మేలు. ఇందుకు ప్రభుత్వం చేయవలసిన పని ఏమీ లేదు. నిధులు అక్కర్లేదు. ఊరిపెద్దలు ఒక మాట అనుకుంటే చాలు.

ఆషాఢ పౌర్ణమిని గురుపౌర్ణమి అంటారు. వ్యాస పౌర్ణమి అని కూడా పేరు. పడవ నడిపిన తల్లి కొడుకైన ఆ వ్యాసుణ్ణే ఆ రోజు జగత్తుకు గురువని పూజిస్తాం. ఆ రాత్రి జిల్లాలో ప్రతి ఊళ్ళోనూ భజన ఉంటుంది. ఈ ఏడు ఆ ఒక్క రాత్రయినా వాడలో బాగా పాడేవారిని ఊరి గుడికి పిలిచి, పాట ఎత్తుకోమని హార్మోనియం ముందు కూర్చోబెడితే, వందేళ్ళ కిందట ఏర్పేడులో మొదలైన పని కొంత ముందుకు సాగినట్టవుతుంది.